ఒక్కరే లోపలికి

ఆఖరి పంటు వెళ్ళిపోయింది.
సఖినేటిపల్లి రేవులో నూకరాజుని నిద్రలేపి
వాడి పడవలో దాటించాం నిన్ను,
నూట మూడు జ్వరం, నా చీరలో చుట్టి.
కెజియా నీ కాళ్ళ వైపు, నేను తల వైపు.
మన ముగ్గురి నలుపూ, వశిష్ఠ నలుపూ
ఒక్కటైపోయి
వాడికి మా కళ్ళే కనిపించాయట.

నరసాపురం ఆసుపత్రిలో
నర్సు రాస్తూ రాస్తూ ఆగింది.
"తల్లెవరు?"
"నేను" అన్నాం,
ఇద్దరం ఒక్కసారే.
"కన్నదెవరమ్మా?"
కెజియా చెయ్యెత్తింది,
బళ్ళో తప్పు ఒప్పుకున్నట్టు.
"మరి నువ్వేమవుతావు?"

పేటలో నన్ను పిన్నిని చేశారు.
పాస్టరుగారి ప్రార్థనలో మేం అక్కచెల్లెళ్ళం.
రొయ్యల షెడ్డులో మేస్త్రీ అనే మాట
నీకు పెద్దయ్యాక కూడా చెప్పను.
కెజియా అయితే నలుగురిలో నా పేరే ఎత్తదు,
మొగుడి పేరు పలకని పాతకాలపు ఆడదానిలా
"ఓయ్" అంటుంది, అంతే.

నేనేమవుతానో చెప్పాలంటే
చాలాసేపు పడుతుంది నర్సమ్మా.
మంచులో రొయ్య ఒలిచి కొయ్యబారిన వేళ్ళని
చంకల్లో వెచ్చబెట్టుకుని
అప్పుడు ముట్టుకునేదాన్ని దీన్ని.
పిల్ల నల్లగా ఉంది, శనగపిండి రుద్దండని
పొట్లం కట్టి తెచ్చినావిడకి
ఆ పిండితోనే బజ్జీలేసి పెట్టాను.
బాగున్నాయంది.

ఇవేవీ అనలేదు.
"తోడొచ్చాను" అన్నాను.
"ఒక్కరే లోపలికి."

సిమెంటు బల్ల మీద కూర్చున్నాను,
నీ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని.
నావి పడవలోనే ఉండిపోయాయి.
దోమలు. ఫినాయిల్ వాసన.
ఎవరో ముసలాయన బీడీ అడిగాడు,
లేదంటే పక్కనే కూర్చుని దగ్గాడు తెల్లారేదాకా.
మొదటి పంటు కూత వినపడింది.

తలుపు తీసి నర్సు కెజియాతో కాదు,
ఇంకో నర్సుతో అంటోంది:
"జ్వరం దిగింది గానీ
నొప్పెక్కడో ఉన్నట్టుంది,
ఒకటే మూలుగు,
ఓయమ్మా ఓయమ్మా అని."

లేచాను.
ఓయ్ అని ఒక అమ్మ పిలిస్తే విని
మాటలొచ్చిన కొత్తలో
నువ్వు కట్టిన పేరు.

"అది మూలుగు కాదండీ,
నన్నే పిలుస్తోంది"
అంటూనే గడప దాటేశాను,
వట్టి కాళ్ళతో,
ఎవరైనా ఆపుతారేమోనని
వెనక్కి కూడా చూడకుండా.