వేలెడు సందు

నేరుగా గోడకి కొట్టబాక గౌసమ్మా అన్నాడు చెంచయ్య ఆచారి.
నోట్లో నాలుగు మేకులున్నాయి,
అందుకని సగమే వినపడింది.

నిరుడు ఉదయగిరిలో అందరికంటే ముందు
కాంక్రీటు గోడల గది మాదే అనుకున్నా.
ఒక్క మేకు దిగలా.
కొట్టిన ప్రతిదీ మెడ వంచి నన్నే చూసింది.
ఉలులు నేల మీద, బాడిసె గోనెసంచిలో,
చెక్కిన గరిటెలు మంచం కింద.

దుర్గం కొండ మీద పడిన వాన
మూడు రోజులు ఆలస్యంగా మా వెనక గోడలోకి దిగతాది.
చెయ్యి ఆనిస్తే
జొరం విడిచే ఒళ్ళు.
పోయిన ముసురుకి నర్ది చెక్కంతా బూజు.
నెల్లూరు ఎగ్జిబిషనుకి పోవాల్సిన నూట ఇరవై గరిటెలు
పొయ్యిలోకి పోయినాయి.
అన్నం మాత్రం ఆ రోజు త్వరగా ఉడికింది.

అందుకే ఇప్పుడు గోడ లోపల ఇంకో గోడ, కర్రది.
కింద తారుకాగితం, దాని మీద అడ్డపట్టె,
పైన శ్లాబుకి ఇంకోటి,
మధ్యలో మూరకొకటి నిలువు పట్టెలు.
కూలగొట్టిన బియ్యం మిల్లు వేప అది,
పాత మేకుల బొక్కల్లో ఇంకా తవుడుంది.
తూకం గుండు వదిలితే తెలిసింది
కాంక్రీటు గోడ తలకాడ అంగుళం ముందుకి వాలిందని.
(మేస్త్రీకి ఇంకా చెప్పలా.)
కర్ర మాత్రం దారం వెంట నిలబడింది.
పైన వేలెడు, కింద రెండు వేళ్ళు,
సందు.

ఆనించేస్తే గట్టిగుంటది గదా అన్నా.
మేకులు అరచేతిలోకి ఉమ్మి ఈసారి పూర్తిగా చెప్పాడు:
"కాంక్రీటు తాగిన నీళ్ళు దాచుకోలేదు, పక్కనోళ్ళకి పోస్తాది.
కర్రకి వద్దనడం రాదు.
తాకకుండా నిలబడనీ. మధ్యన గాలి తిరగనీ."
మా ఆడబిడ్డా నేనూ ఒకే వంటింట్లో ఉన్న
ఆరేళ్ళు గుర్తొచ్చినాయి.
టీ పెట్టడానికి లేచినా.

ఆఖరి ప్లైవుడ్ షీటు బిగించాక
ఆచారి చెవి తడుముకున్నాడు.
పెన్సిలు లేదు.
ఇద్దరం గోడ వైపు చూశాం.
మళ్ళీ ఎవరిప్పుతారు?
"పోనీలే, లోపల లెక్కలు రాసుకోను దానికీ ఒకటుండాల."

రాత్రి అందరూ పడుకున్నాక
డాక్టరమ్మ నా రొమ్ము మీద వేళ్ళతో తట్టినట్టు
గోడని తట్టుకుంటా పోయినా.
బోలు. బోలు. బోలు.
గట్టి.
అక్కడ కొట్టినా.
దిగింది, వంగకుండా, తల దాకా.
కాదు, తల కొంచెం బయటికి ఉంచినా,
బాడిసె తగిలించాల గదా.

ఈ మధ్యాన్నం కొండ మీద ఉరిమింది.
ఇంకా మూడు రోజులుంది.