చెక్క రివాల్వర్

నిజ్వా సూక్‌ల ఖంజర్ల వరుస దాటినంక
మూలకు ఉంటది తోలు దుకాణం.
దుకాణం అర్బాబుది. సూది నాది.

శుక్రవారం, మేకల బేరాలు సద్దుమణిగినంక
హమూద్ అనే పెద్దాయన వచ్చిండు.
ముందుగాల లైసెన్సు కాగితం గల్లా మీద పరిచి
మడతలు అరచేతితో సాపు చేసిండు.
తర్వాత సంచిలకెల్లి రెండు రివాల్వర్లు, ఖాళీవి,
ఒకటి తనది, ఒకటి తమ్మునిది.

ఏది బాగ పేలుతదని అడగలే.
ఏది పెట్టుకున్నట్టు మరిచిపోతనని అడిగిండు.

పెద్దది ఆరు గుండ్లది, గొట్టం జానెడు.
బండిల కూసుంటే తొడను పొడుస్తది.
చిన్నది ఐదు గుండ్లది, పిడి నా గుప్పిట్ల మునిగింది,
గుర్రం లోపలికి దాగి ఉంది, బట్టకు తట్టుకోదు.
"ఒకటి తక్కువ గద" అన్న.
"ఆరోది ఎవరికోసం?" అన్నడు,
అని, తనే నవ్విండు, నవ్వి ఎటో చూసిండు.

నేను అతని బెల్టు చూసిన. సన్నది, అట్ట అతికించిన బజారు సరుకు.
"షేక్, ముందు బెల్టు మార్చు.
దూలం గట్టిది లేనిది ఉయ్యాల కట్టరు."

మా నాయిన తోలును చెవితోటి చూసేటోడు.
డప్పు మంటకు చూపి, వేలితో ఒక్కటి కొట్టి,
ఇంకా పచ్చిగుంది, అనేటోడు.
పొట్ట తోలు సాగుతది, వీపు తోలు మాట మీద నిలబడతది
అని చెప్పింది ఆయనే.
హమూద్‌కు వీపు తోలే కోసిన.

తుపాకి వదిలిపోడు, వదలగూడదు.
దారంతోటి కొలిచి, అట్ట మీద గీసుకొని
రాత్రి రూముల రేగు కట్టె చెక్కిన.
సిద్ర్ అంటరిక్కడ. ముల్లు మాత్రం మన ముల్లే.
తడి తోలు దాని చుట్టు చుట్టి
చెంచా కాడతోటి ఒత్తుకుంట, ఒత్తుకుంట,
ఐదు గదుల ఉబ్బు పైకి తేలేదాంక.

ఆరినంక నా నడుముకే కట్టుకున్న.
కుట్టినోడు తొడగకుంటె తప్పు తెల్వదు.
మెట్లెక్కిన, దిగిన. అన్నానికి బాసింపట్టు ఏసుకున్న.
డొక్కల గుచ్చింది. రెండు వేళ్ళు ఎనకకు జరిపిన.
గంగనర్సు ప్లేటుతోటే చేతులు లేపి
"ఓవర్‌టైం పైసలు పరుపు కింద ఉన్నయి, తీస్కో" అన్నడు.
రూమంత నవ్వు. నేను గూడ.

ఇన్నేండ్లు నా నడుము మోసింది
ఒక మొలతాడు, ఒక పెట్టె తాళంచెవి.
ఆ రాత్రి బాత్‌రూం లైన్ల నిలబడ్డప్పుడు
ఎనక ఎవరో దగ్గిర దగ్గినా
నా మోచెయ్యి దానంతటదే జరిగి తడిమింది.
చెక్కదని మోచేతికి చెప్పిన.
మళ్ళ తడిమింది.
విప్పి మేకుకు తగిలేసి పండుకున్న.
నిద్రల గూడ ఆ పక్కకు ఒరగలే.

హమూద్ మంగళవారం వచ్చి తొడుక్కున్నడు.
గుండీ బొటనవేలుతో విప్పి, తీసి, పెట్టి, తీసిండు.
కీచుమంది. "కొత్త తోలు మాట్లాడుతది,
పది దినాలైతే ఊకుంటది" అన్న.
తోటకు పోయే తొవ్వ చీకటి అన్నడు, అడగకుంటనే.
మొన్నటిదాంక కొడుకు బండి నడిపేటోడట.
అంతకంటె చెప్పలే.
పోతుంటె చూసిన, అతని ఎడమ చెయ్యి
బొడ్డు ముందర, ఖంజర్ ఉండే జాగల,
ఖాళీని పట్టుకొని ఉంది.

మాకు ఏసీ పాడై వారమైతుంది.
కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుంట
సందుల రేగుకట్టె రివాల్వర్ ఇరికిచ్చిండు గంగనర్సు.
గొట్టం బయటికి, పిడి లోపలికి.
పొద్దుగాల పావురాలు వచ్చి వాల్తున్నయి.
నేనే ఇంకా
ఆ కిటికీ దాటేటప్పుడు
కొంచెం పక్కకు జరిగి నడుస్తున్న.