మూడోసారి

కాసిమేడులో తెల్లారకముందే పాట మొదలవుతుంది.
వంజరం బుట్ట మీద చెయ్యేసి
దేశమ్మ గొంతెత్తితే
పడవల మీది కాకులు కూడా ధర వింటాయి.

మేడ మీద నాదీ వేలంపాటే.
పాట మాత్రం లేదు.
రాత్రి రెండింటికి తెర మీద అంకె
చప్పుడు చెయ్యకుండా ఒక మెట్టెక్కుతుంది, అంతే.

గడువు దాటిన పేర్లు కొంటాను నేను,
డబ్బు కట్టడం ఎవరో మరిచిపోయిన డొమైన్లు.
మూడొందల పన్నెండున్నాయి.
చేపకి ఐసు, పేరుకి ఏటేటా రెన్యువల్.
కరిగేది నా జేబే.
ఊరూ పేరూ లేనివాణ్ణని ఎవరూ అనలేరు,
ఊరుంది అద్దెకి,
పేర్లున్నాయి అమ్మకానికి.

నిన్న ఒక టైలర్ కొట్టు పేరు పెట్టాను.
ఎవరో యాభై యాభై పెంచుతూ వచ్చారు.
అవతలిది పెద్ద చెయ్యి, ఒక్కసారే ఐదువేలు గుప్పించింది.
చాలాసేపు ఏమీ లేదు.
ఆ ఐదువేల మీద, మళ్ళీ యాభై.
అప్పుడర్థమైంది
ఆ పేరు మొదట కుట్టించుకున్నదెవరో.

ఆపొచ్చు. మీట నా చేతిలోనే ఉంది.
అద్దె మూడో తారీఖు.
మూడోసారి అనే మనిషి లేడక్కడ,
గడియారం సున్నా అయింది.
పెద్ద చేతికే పోయింది.

కిందికి దిగేసరికి దేశమ్మ తట్ట కడుగుతోంది.
పక్కన ఆకులో గుప్పెడు నెత్తళ్ళు, పాటలో పెట్టనివి,
వలలు బాగుచేసే కన్నియప్పన్ కోసమట.
"రెండేళ్ళుగా చూస్తున్నా, నీ పేరేంటయ్యా?"

మూడొందల పదకొండు గొంతుదాకా వచ్చాయి.
నాది కాసేపు వెతకాల్సొచ్చింది.