బొమ్మల కార్డులు

ఫాల్స్ చర్చ్‌లో, రెండో అంతస్తు, చివరి గది.
మంగళ, శుక్రవారాలు పదిన్నరకి
గిల్బర్ట్ ట్రాస్క్ గారిని చక్రాల కుర్చీలో తోసుకొస్తారు.
మాట పోయినవాళ్ళకి మాట నేర్పడం నా ఉద్యోగం.
ఒక్కో కార్డు ఎత్తి చూపిస్తాను: కుక్క, గొడుగు, కప్పు.

కప్పు దగ్గర ఆయన పెదవి వంకర తిరిగి, వణికి
"ఫిన్జాన్" అన్నాడు.
తప్పు, అని రాసుకున్నాను.
గొడుగు "షమ్సియ్యా". ఇదీ తప్పే.
నాలుగో కార్డుకి గానీ నాకు తట్టలేదు,
తప్పు ఆయనది కాదు, నా కాగితానిదని.

కూతురు కొరిన్ చెప్పింది, వరండాలో, కోటు విప్పకుండానే:
ముప్పై రెండేళ్ళు. ట్యూనిస్, సనా, ఖార్టూమ్, అమ్మాన్,
మళ్ళీ అమ్మాన్.
ఇంట్లో ఒక్క ముక్క అరబ్బీ మాట్లాడలేదు.
సర్కారు సొమ్మన్నట్టు
ఎంబసీ బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చేవాడు.
ఇప్పుడు మా పేర్లు పోయాయి, అది మిగిలింది.
నవ్వబోయింది.

ఆయన ఖాళీ కప్పుని అటూ ఇటూ ఊపుతుంటే
నర్సు వణుకని రాసింది.
వణుకు కాదు. ఎవరో షేక్ ఇంట్లో
మూడో కప్పు తాగాక, ఇక చాలని చెప్పే మర్యాద.
పోసేవాళ్ళు లేకపోయినా ఊపుతూనే ఉంటాడు.

"అవును" అనిపించాలని మూడు వారాలు పోరాను.
నీళ్ళు కావాలా? లా.
చలేస్తోందా? లా.
మీ పేరు గిల్బర్టేనా? లా.
ఎడమ చెయ్యి ఆడుతుంది. ప్రతి లాకీ
పిడికిలి బల్ల మీద పడుతుంది, ముద్ర గుద్దినట్టు.
ఒకసారి అలా గుద్ది
ఆ చేతినే చాలాసేపు చూసుకుని ఏడ్చాడు.
ఎవరి పాస్‌పోర్టు గుర్తొచ్చిందో, ఏ ఊళ్ళో.

నేనూ నిలబడ్డాను అలాంటి అద్దానికి ఇవతల,
హైదరాబాదులో, ఫైలు చంకన పెట్టుకుని.
అవతలాయన తలెత్తకుండా అడిగిన ప్రశ్నలు
ఇప్పటికీ అప్పజెప్పగలను.
మొహం గుర్తులేదు.
చేతులు గుర్తున్నాయి.

ఆ శుక్రవారం ఫోన్ మోగింది. మా చెల్లెలు.
"ఇప్పుడు ఖాళీ లేదే, తారీఖు ఇంకా తేలలేదు,
జవాబు రాగానే చెప్తా" అని పెట్టేసి చూస్తే
కుర్చీలో ముందుకి వంగి ఉన్నాడు,
తలుపవతల తెలిసిన గొంతు విన్నట్టు.
"ఖాలీ" అన్నాడు.
"తారీఖ్. జవాబ్."
ఒక్కోదానికీ వేలు మడుస్తూ.

మా మునసబు నోటి మాటలు, కచేరీ సావడి మాటలు,
నాయనమ్మ తాకట్టు పత్రంలో చెదలు తినగా మిగిలిన మాటలు,
ఈయన దగ్గర కొత్త నాణేల్లా ఉన్నాయి!
కార్డులు పక్కన పడేశాను.
హద్దు, అన్నాను. హద్ద్, అన్నాడు.
షరతు. షర్త్.
హక్కు. హక్ఖ్, గొంతు అడుగునించి, కళ్ళు మూసుకుని.
రద్దు, అన్నాక మాత్రం ఆగిపోయాడు.
మనకి రద్దంటే కొట్టేయడం.
వాళ్ళకి బదులివ్వడం అట. ఇంటికెళ్ళాక వెతికి చూశాను.
ఇన్నాళ్ళూ ఆయన ఏది గుద్దాడో.

చివరికి ఇంటి బొమ్మ ఎత్తాను.
ఎర్ర పెంకులు, రెండు కిటికీలు, పొగగొట్టం.
తడుముకోలేదు: "మన్జిల్."

నా చెవికి మజిలీ అని వినిపించింది.
బండి విప్పి, ఎడ్లకి నీళ్ళు పెట్టి,
వేకువన మళ్ళీ కట్టుకుని పోయే చోటు.
ఆయన ఇల్లంటున్నాడు.

కొరిన్‌కి చెప్పాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు.
రిపోర్టులో ఒక గడి ఉంది:
ఇల్లు. గుర్తుపట్టారా?
అవును, అని రాశాను.
ఏ ఇల్లు అని అడిగే గడి
ఆ కాగితంలో లేదు.