వాన తప్ప

నీరు పల్లమెరుగు అంటారు.
పల్లం నుంచి మిట్టకు, నీటికి ఎదురు నడిస్తే
నాకు జీతమిస్తారు.

ఆక్లాండ్ దక్షిణపు కొసన, గోదాముల వెనక,
పేరున్నా ఎవరూ పిలవని ఒక వాగు.
తొమ్మిది రోజులుగా చినుకు లేదు.
శనివారం పొద్దున్నే ఫోన్, వియత్నాం ముసలావిడ ఫామ్:
"వాగులో బియ్యం కడిగిన నీళ్లు పారుతున్నాయమ్మా,
ఇంత బియ్యం ఎవరు వండుతున్నారు?"

వాన లేని రోజున గొట్టం మాట్లాడిందంటే
ఎవరో మాట్లాడిస్తున్నారన్నమాట.

కొంకితో ఇనప మూతలు లేపుకుంటూ వెళ్లాను.
మొదటిది తడి. రెండోది తడి.
మూడోదాని దగ్గర వీధి రెండుగా చీలింది.
ఎడమ గొట్టంలో ఎండుటాకులు, ఒక టెన్నిస్ బంతి.
కుడివైపు సన్నటి ధార.
కాగితం ముక్క ముంచితే ముదురు ఊదా,
సున్నమంత ఘాటు.
చేపకైతే మొప్పల్లో నిప్పు.

ఆరో మూత పక్కన
అప్పుడే పోసిన కాంక్రీటు వాకిలి, అద్దంలా.
అంచున మోకాళ్ల మీద ఒక మనిషి, హోస్ పైపు, బ్రష్షు.
పసిబిడ్డకు వీపు రుద్దినట్టు
రోడ్డును కడుగుతున్నాడు.

ఫెలెటీ వైనికోలో. టోంగా నుంచి వచ్చి ఇరవై రెండేళ్లు.
ఈ వాకిలి మేనకోడలికి కానుక.
"ఇరుగుపొరుగు మాట అనకూడదని
చుక్క మిగల్చలేదు, చూడండి," అన్నాడు.
నిజమే. అంత శుభ్రమైన రోడ్డు నేను చూడలేదు.

"ఈ జాలీలోంచి నీళ్లు ఎక్కడికి పోతాయి?"
"మీ కౌన్సిల్‌కి,"
పన్ను కట్టేవాడి ధీమాతో అన్నాడు.
నవ్వొచ్చింది. నవ్వలేదు.
జాలీ పక్కన బడిపిల్లలు వేసిన నీలం చేప,
దాని తోక మీద అతని సిమెంటు బకెట్టు.

నిబంధన చిన్నదే. చదివి వినిపించాను.
వాననీటి కాలువలోకి వాన తప్ప మరేదీ పోరాదు.
సబ్బు నురగైనా, గోడ రంగైనా, కారు నూనైనా,
సిమెంటు కడిగిన నీళ్లైనా.
తెలియక పోసినా పోసినట్టే.
"తెలియక" దగ్గర నా గొంతు కాస్త తగ్గింది.

జరిమానా రాశాను. అంకె చూసి
అతను బ్రష్షు కింద పెట్టాడు.
అది ఎన్ని రోజుల కూలో నేను అడగలేదు,
అడిగే గడి ఫారంలో లేదు.

తర్వాత నా ఉద్యోగంలో లేని పని చేశాను.
రండి, అని వాగు దగ్గరకు తీసుకెళ్లాను.

రాయికీ విరిగిన ప్లాస్టిక్ కుర్చీకీ మధ్య ఇరుక్కుని ఉందది,
నా చెయ్యంత లావు ఆడ మలుగు. పేరుకే పాము, చేపే.
ఒళ్లంతా తెల్లటి జిగురు.
నోరు తెరుస్తోంది, మూయడం లేదు.
"అరవై ఏళ్లుంటాయి. నాకంటే పెద్దది," అన్నాను.
"జన్మకొక్కసారే గుడ్లు. అదీ ముసలితనంలో.
ఈ వాగు దిగి, నెలల తరబడి సముద్రం ఈది…
కళ్లారా చూసినవాళ్లు లేరు.
టోంగా దగ్గరి లోతుల్లోనని అంటారు."

ఫెలెటీ బూట్లతోనే వాగులోకి దిగాడు.
రెండు చేతులా ఎత్తుకున్నాడు.
తెల్ల జిగురు చొక్కాకు అంటింది.
తన భాషలో ఏదో అన్నాడు, నాతో కాదు.
చాలాసేపటికి, మామూలు గొంతుతో,
"ఈ ఏడే బయలుదేరేదేమో," అన్నాడు.
"మా ఊరికి."

నోటీసులో "నష్టం" అని ఒక గడి ఉంటుంది.
"స్వల్పం" అని రాశాను ఉదయం.
బండిలో కూర్చుని కొట్టేశాను.
ఏం రాయాలో తోచక అలాగే దాఖలు చేశాను.

నాలుగు వాయిదాల్లో కట్టాడు.
చివరి రసీదు అందిన రోజు ఫోన్ చేశాడు:
"ఇసక బస్తాలు, పెద్దవి, ఎక్కడ దొరుకుతాయి?"

ఆ రాత్రి రెండింటికి వాన మొదలైంది.
లేచి కూర్చుని విన్నాను
మా ఇంటి ముందు జాలీలోకి
నిబంధన ప్రకారం దిగుతున్న నీటిని.