నలభై ఆరున్నర

తులం తెలుసు నాకు.
గురిగింజెత్తు తెలుసు.
వడ్లగింజెత్తులో సగం పెట్టమన్నా
ఊపిరి బిగబట్టి పెడతా.
ప్రొద్దుటూరులో ఇరవై రెండేండ్లు
కుంపటి ముందర కూర్చున్నోణ్ణి,
అర అంటే ఏందో
నాకొకడు చెప్పాల్నా అనుకున్నా.

టీకొట్టు మీది మిద్దెలో
ఓబులేసు నోటుబుక్కు తెరిచినాడు.
'ఆరు ఓవర్లకు నలభై ఆరున్నర.
పైనా? కిందా?'

అరపరుగు యాడుందబ్బా?
నేనడిగితే అందరూ నవ్వినారు.
ఒకటి చూసినా, నాలుగు చూసినా,
గాల్లో పోయే ఆరు చూసినా.
సున్నాకైనా ఒక ఆకారముంది.
అరను కొట్టినోడెవడు ఇంతవరకు?

పోయినేడు అర లేదు.
నలభై ఆరంటే నలభై ఆరే.
ఒక రాత్రి సరిగ్గా అంతే పడింది.
గెలిచినోడు లేడు, ఓడినోడు లేడు,
ఎవరి దుడ్లు వాళ్లకు లెక్కబెట్టి ఇచ్చి
పండ్లు కొరుక్కున్నాడు ఓబులేసు.
మేం కిందికి దిగి మిరపకాయ బజ్జీలు తిన్నాం.
దస్తగిరి ఆ పొద్దు పాట కూడా పాడినాడు,
గొంతు లేకపోయినా.

మరుసటి వారం అర వచ్చింది.

సమానం అనే మాట పోయింది.
గీత మీద నిలబడే జాగా పోయింది.
పైనోడో కిందోడో,
ఒకడు మునిగి తీరాల.
'చీమంత అర, ఏం చేస్తాదిరా' అంటాడు దస్తగిరి.
చీమంతే.
మునుపు నలభై ఆరుకు ప్రాణం దక్కేది,
ఇప్పుడు నలభై ఏడు కావాల.
ఆ ఒక్క పరుగు ఎత్తెంతో
పదమూడు వేలు పెట్టినాక తెలిసింది.

అర అంటే సగం.
మా ఇంట్లో బీరువాకున్నది కూడా అరే.
పాప బడి ఫీజు ఆ అరలో ఉండేది.
ఓబులేసు టేబులుకు ఇంకొక అర.
ఈ అరలోది ఆ అరలోకి పోవడానికి
నలభై ఆరు పక్కన
ఒక అర తలుపు తీసుకొని నిలబడింది.
తెలుగు నేర్పిన అయివారు
ఈ అర్థం చెప్పలేదు.

ఆరో ఓవరు, ఆఖరి బంతి.
నలభై ఆరు.
కవర్స్ వైపు నెట్టినాడు, ఉరికినాడు.
రా, రా అని మేం టీవీకి చేతులూపుతాంటే
అవతలోడు చెయ్యెత్తి వద్దన్నాడు.
పిచ్ నడిమికొచ్చినోడు
కాలు జారి, నిలదొక్కుకొని,
బ్యాటు ఈడ్చుకుంటా
వెనక్కి.

చూసినా నేను.
అరపరుగు.
గీత గీసి కొలిచినట్లు అంతే.
ఉరికినాడు, దుమ్ము లేసింది, చెమట పట్టింది,
లేదంటే ఎట్లా?
లేచి అరిచినా:
'ఇదిగో పడింది అర!
నలభై ఆరున్నర! సమానం!
నా దుడ్లు నాకియ్యి!'

ఓబులేసు తలెత్తలేదు.
'అరలు లెక్కలోకి రావు మామా' అన్నాడు,
నలభై ఆరున్నర అని రాసుకున్న పేజీ మీద
నా పేరుకు అడ్డగీత కొడతా.
దస్తగిరి కింద పెట్టినాడు. గెలిచినాడు.
ఎందుకో వాడూ నవ్వలేదు.

తెల్లారకముందే అంగడికొచ్చినా.
బంగారంగళ్ల వీధిలో
లాలెమ్మ అప్పటికే దుమ్ము ఊడుస్తాంది.
చీపురు, రేకు చాట, మోరీ పక్కన బొచ్చె.
మేం రాకిన పొడి,
మా చొక్కాల్లోంచి రాలింది,
గడప సందుల్లో ఇరుక్కునింది,
కడిగి, వంచి, మళ్లా కడిగి
అడుగున మిగిలింది చూసుకునే మనిషి.
నా గడప దగ్గర దొరికిన రవ్వను
వేలి కొనకు అంటించుకొని తెచ్చింది.
'ఎంత తూగుతాదో చూడు నాయనా.'

ఫ్యాను ఆపినా. కాటా పెట్టినా.
ఊపిరి బిగబట్టినా.
అంకె కదల్లేదు.
సున్నా, చుక్క, మూడు సున్నాలు.
'ఏమీ లేదంటాంది లాలెమ్మా.'

ఆమె వంగి చూసింది.
'ఉండాది కదయ్యా. మెరుస్తాంది.'
మళ్లా వేలికి అంటించుకొని
కొంగు ముడి విప్పింది.