రెండో పేజీ

గడియారం సెంటర్ల నా జిరాక్స్ మిషను
ఎండకాలమొస్తే మనిషి లెక్కనే మూలుగుతది.
కాల్వ గుత్తెదారు దగ్గర పనిచేసే ప్రణీత్
ఒక పుస్తకం తెచ్చిండు.
"నలభై సెట్లు, స్పైరల్ బైండింగు.
రెండో పేజీ ఇడిసిపెట్టన్నా."

నేను ఆ పేజీనే చదివిన.
సర్వహక్కులు వాళ్లయి.
బొమ్మలు, పట్టికలు, ఆ పద్ధతి పేరు గూడ వాళ్లదే.
ఎవలకన్న నేర్పాలంటే లైసెన్సు,
లైసెన్సుకు ఏటేటా పైసలు.

ఆధార్ కార్డు పట్టుకొని నిలబడ్డ జానమ్మ,
ముప్పై మంది మట్టిపనోళ్లకు మేస్త్రి,
"అంతగనం ఏమున్నదయ్యా అండ్ల?" అన్నది.
చెప్పిన:
పనిని తుకుడలు చెయ్యాలె,
తుకుడ తుకుడకు ఆగి చూసుకోవాలె,
గిట్టకపోతే ఆడనే ఆపాలె.

తంబాకు నోటితోని నవ్వింది.
"బండ తగిలితే పార పక్కకు పెట్టమా?
మా అత్త నేర్పింది నాకు.
ఇగ నేను గూడ కట్టాల్నా పైసలు?"

"లేదమ్మా. పని ఎవలిదీ కాదు.
రాసిన మాటలే వాళ్లయి."

"మరి నేను రాస్తే?"

"నీయి."

జరసేపు ఊకున్నది.
"రాయొస్తే గదా" అనుకుంట
రెండు రూపాయలు బల్ల మీద పెట్టి పోయింది.

ప్రణీత్ చేతుల పుస్తకం వాపసు పెట్టిన.
పక్క షాపుకు పోయిండు. నాలుగువేల బేరం.
మా ఇంట్ల ఇప్పటికీ అంటనే ఉంటరు.

పొద్దుగూకి అద్దం తుడవబోతే
మూలకు ఎర్రమట్టి బొటనవేలు ముద్ర.
తుడవలే.
మూత ఏసి ఒక్క కాపీ కొట్టిన.
కింద ఏం రాయాల్నో తెల్వక
తారీకు ఏసిన.